లేని జబ్బుకు మందు

నా డిస్పెన్సరీ గుమ్మానికి ఒక రాతిపలక వేలాడుతూ వుంటుంది. చెక్కచట్రం ఒకవైపు వూడింది, మూల పెచ్చు లేచింది. ఒకవైపు "డాక్టరుగారు వున్నారు" అనీ, రెండోవైపు "లేరు" అనీ సుద్దతో రాసి వుంటుంది. మార్కాపురంలో కాపురముంటూ బోర్డు రాయడానికి పెయింటరును పిలవడమేమిటని మా కాంపౌండరు ముప్ఫయి యేళ్ల కిందట చేసిన యేర్పాటిది. అతనిది యీ వూరే. వూరి మీద అభిమానం మెండు. తెలుగునాట నా యీడువాళ్లలో చాలామంది "అ ఆ"లు దిద్దింది మా వూరి రాయి మీదనే గదా అంటాడు. కాదనను.

యిప్పుడు పలక మీద దిద్దే పిల్లలు తగ్గిపోయారు. గోడలకి అతికించే రంగురంగుల రాతిపలకలు మాత్రం సముద్రాలు దాటి పోతున్నాయి. రాయి యెక్కడికి పోయినా దుమ్ము మాత్రం యిక్కడే వుండిపోతుంది. గనిలో రాయి చీల్చేవాడి ముక్కులోకి, ఫ్యాక్టరీలో కోత యంత్రం ముందు నుంచునేవాడి గొంతులోకి, అక్కణ్నుంచి వూపిరితిత్తుల్లోకి దిగి మరి బయటకు రాదు. దాన్నే సిలికోసిస్ అంటారు. దుమ్ము పట్టిన వూపిరితిత్తి అంటే క్షయ క్రిమికి మహా యిష్టం. యింకా యిష్టమైన చోటు మరొకటి వుంది. హెచ్ఐవి సోకి, లోపలి కావలి బలహీనపడిన శరీరం. నేను చెప్పబోయేది ఆ రెండో చోటు సంగతి. అందులో నా పొరపాటు సంగతి కూడానూ.

ఆమె పేరు చెప్పను. చెప్పడం చట్టరీత్యా తప్పు, మర్యాదరీత్యా అంతకంటే తప్పు. ముప్ఫయి రెండేళ్లుంటాయి. మొగుడు లారీ మీద క్లీనరుగా తిరిగి, తరవాత గనిలో పనిచేసి, చాలాకాలం దగ్గి దగ్గి పోయాడు. ఒక్క కొడుకు. ఆమె పలకలకి చట్రాలు బిగించే షెడ్డులో పని. హెచ్ఐవి మందులు ప్రభుత్వం వారివి వుచితంగానే దొరుకుతాయి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో మొదలైన పథకమది. అయితే ఆమె దగ్గర వున్న ఆస్పత్రి వదిలేసి, తెల్లవారుజామునే బస్సెక్కి పై వూరి ఆస్పత్రికి వెళ్లి తెచ్చుకునేది. "యిక్కడైతే వరసలో నిలబడినప్పుడు తెలిసినోళ్లు కనపడతారు సారూ" అనేది. చికిత్స పుస్తకాన్ని బియ్యం డబ్బాలో అడుగున పెట్టేది. జలుబుకీ, జ్వరానికీ మాత్రం నా దగ్గరికి వచ్చేది. నాకు చెప్పుకుంది గనక, నేనెవరికీ చెప్పలేదు గనక, నా మీద గురి.

2017 డిసెంబరులో ఒకనాటి సాయంత్రం వచ్చి, కొంగుముడి విప్పి ఒక బిళ్లల పొట్లం నా బల్ల మీద పెట్టింది.

"సారూ, నాకు టీబీ లేదని వాళ్లే చెప్పినారు. మళ్లా వాళ్లే ఆరు నెలలు టీబీ బిళ్ల తినమంటన్నారు. లేని జబ్బుకి మందేంది సారూ?"

చూశాను. ఐసోనియాజిడ్, మూడువందల మిల్లీగ్రాములు. తోడుగా బి-6 విటమిను. అంతే, మరో మందు లేదు. నాకు చిర్రెత్తింది.

యెందుకు చిర్రెత్తిందో చెప్పాలి. నేను వైద్యం చదివింది 1980ల మొదట్లో. క్షయవార్డులో మా ప్రొఫెసరు నెలకోసారైనా ఒకే పాఠం చెప్పేవారు: క్షయను ఒంటి మందుతో కొట్టడమంటే పామును సగం చంపి వదలడం. అది వుత్త మాట కాదు. 1948లో వెలువడిన పరిశోధనలో బ్రిటిషు వారు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే యిచ్చి చూశారు. రోగులు మొదట కోలుకున్నారు, తరవాత చాలామందిలో క్రిములు మందుకు లొంగకుండా పోయాయి. అప్పటినుంచి రెండు మూడు మందులు కలిపి యివ్వడమే శాస్త్రం. ఐసోనియాజిడ్ 1952లో వచ్చినప్పుడూ అదే మాట. ఆ పాఠం నా యెముకల్లో జీర్ణించుకుపోయింది. సర్కారు ఆస్పత్రిలోని కుర్ర డాక్టరెవరో ఒంటి మందు రాసి పంపాడంటే, అది చదువు తక్కువతనమని నిశ్చయించుకున్నాను.

"ఆపెయ్యమ్మా. జబ్బు వస్తే అప్పుడు చూద్దాం. ముందే యీ బిళ్ల తింటే రేపు నిజంగా వచ్చినప్పుడు మందు పనిచెయ్యదు" అన్నాను.

ఆమె ముఖం వికసించింది. రోజూ మింగే వాటికి తోడు మరో బిళ్ల తప్పింది గదా! పొట్లం నా బల్ల మీదనే వదిలి వెళ్లిపోయింది. నేను దాన్ని సొరుగులో పడేశాను.

మా ప్రొఫెసరుగారి పాఠంలో తప్పు లేదు. దాన్ని వర్తించని చోట వర్తింపజేసిన ఘనత నాది. జబ్బు ముదిరిన వాడి వూపిరితిత్తిలో క్రిములు కోట్ల కొద్దీ వుంటాయి. పది లక్షల్లో ఒక్కటి పుట్టుకతోనే ఐసోనియాజిడ్‌కు లొంగనిది వుంటుందనుకున్నా, కోట్లలో అలాంటివి చాలా వుంటాయి. ఒంటి మందు యిస్తే మిగతావి చచ్చి, మొండివి రాజ్యమేలుతాయి. కాని జబ్బు లేకుండా క్రిమి మాత్రం నిద్రపోతున్న మనిషిలో లెక్క వేలలోనో, అంతకంటే తక్కువో. అందులో మొండిది వుండే అవకాశమే స్వల్పం. అందుకనే అక్కడ ఒక్క మందు చాలు. జబ్బు లేదని ముందు తేల్చుకోవడమే అసలు పని. యీ ముక్క నాకు 2017లో తెలియదు. తెలియదని కూడా తెలియదు.

2018 ఆగస్టులో ఆమె తలనొప్పి అంటూ వచ్చింది. పదిరోజులుగా వుందట. నేను మామూలుగా అడిగే ప్రశ్న అడిగాను.

"దగ్గు వుందా అమ్మా?"

"లేదు సారూ."

హమ్మయ్య, టీబీ కాదనుకున్నాను. తలనొప్పి మాత్రలు రాశాను. ఆనాడు ఆమె రవికె భుజం దగ్గర పిన్నీసు పెట్టి బిగించి వుంది. నా కళ్లు దాన్ని చూశాయి; బుర్ర చూడలేదు. రాత్రిపూట పక్క తడిసిపోయేంత చెమటలు పడుతున్నాయని తరవాత ఆమె తల్లి చెప్పింది. నేనడిగితే గదా ఆనాడు చెప్పేది!

వారం తిరక్కుండా ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. వాంతులు. మెడ వంచబోతే కర్రలా బిగిసిపోయింది. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి, మళ్లీ మూసేసింది. యేమిటో అప్పుడు నాకు అర్థమైంది. పెద్దాస్పత్రికి చీటీ రాస్తుంటే చెయ్యి వణికింది. కాంపౌండరు కాగితం పట్టుకున్నాడు. అక్కడ నడుములోంచి నీరు తీసి పరీక్ష చేసి, మెదడు పొరలకి క్షయ అన్నారు.

బతికింది. మెదడు క్షయ వచ్చినవాళ్లు అందరూ బతకరు సుమండీ, అందులోనూ హెచ్ఐవి వున్నవాళ్లు. కాని యెడమకంటి చూపు చాలామట్టుకు పోయింది. చట్రం మూలలో సన్న మేకు కొట్టడానికి రెండు కళ్లూ కావాలి. షెడ్డులో పని పోయింది.

సెప్టెంబరు చివర నాకు ఫోను వచ్చింది. ఆ కుర్ర డాక్టరు. హెచ్ఐవి రోగుల హక్కుల కోసం 2017లో చేసిన చట్టం ఆ నెలలోనే, పదో తేదీన, అమల్లోకి వచ్చింది. అందుచేత కాబోలు, ముందుగా "ఆమె అనుమతి తీసుకునే మీతో మాట్లాడుతున్నాను సార్" అన్నాడు. గొంతులో కోపం లేదు. వుంటే నాకు సులువుగా వుండేది.

"సార్, బిళ్లలు మధ్యలో మానేసిన వాళ్లని యెందుకు మానేశారని అడుగుతూ వస్తున్నాను. కొందరు కడుపులో మంట అన్నారు. కొందరు వలస పోయామన్నారు. ముగ్గురు మాత్రం మీ పేరు చెప్పారు."

ముగ్గురు! నాకు ఆమె ఒక్కతే గుర్తుంది. మిగిలిన యిద్దరికీ యెప్పుడు చెప్పానో, యేమని చెప్పానో యెంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు. డాక్టరు నోటి మాట రోగికి శాసనం. డాక్టరుకు అది కాఫీ తాగుతూ అన్న మాట.

అతను రెండు మూడు పత్రాలు పంపాడు. కళ్లజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను. కొత్త సంగతనుకున్నది యెంత పాతదో అప్పుడు తెలిసింది. 1950ల చివర్లోనే అలాస్కా మంచుదేశంలో, యింటింటా క్షయ వున్న పల్లెల్లో, కామ్‌స్టాక్ అనే అమెరికా డాక్టరు జబ్బు లేనివాళ్లకి ఐసోనియాజిడ్ యిచ్చి చూశాడు. క్షయ సగానికి పైగా తగ్గింది. జనానికి భయం తీర్చడానికి తానూ మింగి, భార్యాబిడ్డలచేత కూడా మింగించాడట. నా చిన్నతనంలోనే తెలిసిన సంగతిని నేను అరవై దాటాక, ఒక మనిషి కన్ను పోయాక చదువుతున్నాను.

మన దేశంలో పదిహేనేళ్లు దాటిన వాళ్లలో నూటికి 31 మంది లోపల క్షయ క్రిమి నిద్రపోతోందని 2019-21 జాతీయ సర్వే చెప్పింది. నాలోనూ వుండవచ్చు, యిది చదివే మీలోనూ వుండవచ్చు. బెంబేలు పడకండి. మామూలు మనిషికి అది నిద్రలేచే ప్రమాదం జన్మంతటిలో నూటికి అయిదు నుంచి పది. హెచ్ఐవి వుండి మందు వాడనివారికి అది యేడాదికే నూటికి పది దాకా పోవచ్చు. హెచ్ఐవి మందులు ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి గాని పూర్తిగా చెరిపెయ్యవు. ఆఫ్రికాలోని ఐవరీకోస్టులో రెండువేల మంది మీద జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. హెచ్ఐవి మందులకి తోడు ఆరు నెలలు యీ బిళ్ల కూడా వాడితే క్షయ మరింత తగ్గింది. తరవాత సంవత్సరాల లెక్కలు చూస్తే మరణాలు కూడా మూడో వంతుకు పైగా తగ్గాయి. నేను భయపడిన మొండి క్షయ మాటా? జబ్బు లేదని తేల్చుకుని యిచ్చినచోట అది చెప్పుకోదగినంతగా పెరిగిన దాఖలా లేదు.

అయితే యిది సర్వరోగ నివారిణి అనడం అబద్ధమవుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో వేలమంది కార్మికులకు మూకుమ్మడిగా యిచ్చి చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. తింటున్నన్నాళ్లు కాపాడింది, ఆపాక ఆ రక్ష నిలవలేదు, గనుల్లో క్షయ తగ్గలేదు. చుట్టూ దుమ్మూ, దగ్గూ అలాగే వుంటే బిళ్ల ఒక్కటీ యేం చేస్తుంది? మా పలకల గనుల మధ్య కూర్చుని ఆ కథ చదువుతుంటే, అది మా కథలాగే వుంది.

మార్గదర్శక సూత్రాలంటే లావుపాటి గ్రంథమనుకున్నాను. అసలు మూలమంతా నాలుగు ప్రశ్నలు. దగ్గు వుందా? జ్వరం వుందా? ఒళ్లు తగ్గిందా? రాత్రి చెమటలు పడుతున్నాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది యిదే. మామూలు మనిషి దగ్గుకు రెండువారాలు గడువిస్తాం. హెచ్ఐవి వున్నవారికి ఒక్కరోజు దగ్గయినా దగ్గే. నాలుగింటికీ లేదంటే, కాలేయం బాగుంటే, క్షయ రాకుండా మందు మొదలుపెట్టవచ్చు. చర్మం మీద సూది పరీక్ష కోసం ఆగనక్కరలేదు. ఒక్కదానికి వుందన్నా కళ్లె పరీక్ష, ఎక్స్‌రే, యింకా వెతుకులాట. నాలుగు ప్రశ్నలకీ కలిపి నిమిషం పట్టదు. ఆనాడు నేను నాలుగోవంతు అడిగి, ముప్పావు మిగుల్చుకున్నాను.

చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నాంగా అని కొందరంటారు. పసిపిల్లల్లో మెదడు క్షయలాంటి ఘోరాలను ఆ టీకా చాలామట్టుకు ఆపుతుంది, మేలైనదే. 1948లో దేశంలో ఆ టీకా మొదలైన చోట్లలో మన మదనపల్లె కూడా ఒకటి. కాని పెద్దవాళ్ల వూపిరితిత్తుల క్షయను అది ఆపలేదని చెంగల్పట్టులో 1968లో మొదలై యేళ్ల తరబడి సాగిన పరిశోధన తేల్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోవడానికి వీల్లేదు.

తరవాత ఒకసారి డాక్టర్లం నలుగురం కలిసినప్పుడు యీ సంగతి యెత్తాను. నా పొరపాటు మాత్రం మింగేసి, "యెవరో ఒక డాక్టరు" అని చెప్పాను. ఒకాయన, "టీబీ లేదని పల్లెటూళ్లో యెలా తేలుస్తామండీ?" అన్నాడు. యింకొకాయన, "అది ప్రభుత్వం వారి పని, మనకెందుకు?" అన్నాడు. మూడో ఆయన మనిషి మంచివాడు. "కామెర్లు వస్తే నన్ను తంతారు. క్షయ వస్తే వాళ్ల కర్మ అనుకుంటారు" అన్నాడు. నవ్వుకున్నాం. తరవాత ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. మందు యిచ్చి జరిగిన చెడుకు డాక్టరు పేరుంటుంది. యివ్వక జరిగిన చెడుకు యెవరి పేరూ వుండదు. కామెర్ల భయం వుత్తదేమీ కాదు; తాగుడు అలవాటున్నవారి విషయంలో మరీ జాగ్రత్త కావాలి. అన్నం సయించకపోయినా, మూత్రం పచ్చబడినా బిళ్ల ఆపి పరుగెత్తుకు రమ్మని చెప్పాలి. తిమ్మిర్లు రాకుండానే ఆ బి-6.

నా డిస్పెన్సరీ సంగతి కూడా చెప్పేస్తాను. లోపల ఒకే గది, ఒకే బల్ల. దుమ్ము వస్తుందని కిటికీ మూసేవాళ్లం. నెల తరబడి దగ్గుతున్న గనికూలీ పక్కనే హెచ్ఐవి వున్న మనిషి గంటసేపు కూర్చునేది. క్షయ రాకుండా మందు మాట అటుంచండి. క్షయను నేనే బల్ల వేసి పంచుతున్నానన్నమాట! యిప్పుడు బల్ల బయట వేపచెట్టు కింద వుంది. కిటికీ మూయడం లేదు. దగ్గేవాడికి ముఖానికి గుడ్డ యిచ్చి, వరస తప్పించి ముందు చూస్తాను. "దగ్గితే ముందు పంపుతారంట" అని కొందరు వుత్తుత్తి దగ్గులు మొదలెట్టారు. కాంపౌండరు కనిపెట్టి తిరిగి వరసలోకి తోస్తాడు.

మా పడమటి ప్రాంతంలో ఆరు నెలలు వరసగా ఒకచోట వుండే పేదవాడు అరుదు. మిరప కోతలొస్తే మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెలు సగం ఖాళీ. పిల్లా మేకా సహా గుంటూరు వైపు పోతారు. రోజూ బిళ్ల అన్నది ఆ గుడిసెల్లో యెక్కడ సాగుతుంది? 2021లో మన దేశపు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. హెచ్ఐవి వున్నవారితోబాటు క్షయ రోగి యింట్లో వుండేవారికి కూడా యీ రక్షణ యివ్వాలన్నాయి. సిలికోసిస్ వున్నవారిని కూడా పరీక్షించి యివ్వాలన్నాయి. ఆ మాట చదివినప్పుడు మా గనికూలీల కోసమే రాశారనిపించింది. వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు మింగే మందు కూడా వాటిలో వుంది. ఐసోనియాజిడ్‌కు రిఫాపెంటిన్ జత. కొన్ని హెచ్ఐవి మందులతో దానికి పొసగదు, చూసి యివ్వాలి. వారానికోసారైతే జనం గుర్తుంచుకుంటారు. శనివారం అంటే చాలు. చెన్నకేశవస్వామికి దణ్ణం, తరవాత బిళ్ల.

యిక ఆమె మాట. 2019 సంక్రాంతి వెళ్లాక, కొంచెం తిరగగలుగుతున్నప్పుడు, తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది. చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు. తల్లిని బయట కూర్చోమని, చెప్పేశాను. "ఆ బిళ్ల ఆపమన్నది నేనే గదమ్మా. తింటే యీ జబ్బు రాకపోను అని ఒట్టేసి చెప్పలేను. రాకుండా పోయే అవకాశం మాత్రం బాగా వుంది. అది నేను పోగొట్టాను."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీరు ఆపమన్నారని కాదు సారూ. నాకే తినబుద్ధి కాలా. తినమంటారేమోనని భయపడతానే మీకాడికి వచ్చినా" అంది. నన్ను వోదార్చడానికి అందో, నిజమే అందో యిప్పటికీ తేల్చుకోలేదు. వెళుతూ వెళుతూ, కుడికంటితో నా వైపు చూసి, "ఆ బిళ్లలు యింకా మీకాడే వుండాయా?" అంది. సొరుగు తీసి చూపించాను. గడువు దాటిపోయాయి.

క్షయ చికిత్స యేడాది సాగింది. అది పూర్తయిన నెలలోనే, 2019 చలికాలంలో, మళ్లీ వచ్చింది. కొంగుముడి విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది. అదే ఐసోనియాజిడ్, అదే బి-6. చికిత్స ముగిసిన హెచ్ఐవి రోగికి క్షయ తిరిగి రాకుండా మళ్లీ ఆరు నెలలు యివ్వాలన్నది నియమం. కుర్ర డాక్టరు నియమం తప్పేవాడు కాడు.

"సారూ, మళ్లా యిచ్చినారు. తినమంటారా?"

అంతా తెలిసీ నన్నే అడుగుతోంది! కాగితం దగ్గరకి లాక్కుని నాలుగు ప్రశ్నలూ వరసగా అడిగాను. లేదు, లేదు, లేదు, లేదు. కళ్లు పచ్చబడ్డాయేమో రెప్ప విప్పి చూశాను. అప్పుడు లేచి, మూల కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి ఆమె చేతికిచ్చాను.